దయ్యం గ్లాసు

టే నది ఒడ్డునున్న ఆ పాత హోటల్లో దయ్యం ఉందని పర్త్ నగరమంతా చెప్పుకుంటుంది. దాన్ని చూడ్డానికి ఎగబడే జనమంటే లాక్లన్ మన్రోకి ఒళ్ళుమంట.

"వెర్రిమొహాలు," అనుకున్నాడు, ఫలహారాల గది నిండా కూర్చున్న వాళ్ళను చూసి. "వీళ్ళకేం తెలుసు ప్రేమంటే?"

అతనికి తెలుసు. ఆ దయ్యం, ఎల్స్‌పెత్, ఒకప్పుడు ఇక్కడ గదులు ఊడ్చే పిల్ల. అప్పట్లో లిఫ్టు నడిపే తను కాదన్నందుకే ఆమె కిటికీలోంచి నదిలో దూకిందని అతని మాట. ఆమె ఏప్రన్ నీళ్ళలో తేలింది కూడా.

అప్పట్నుంచీ ఏటా ఆమె దూకిన రాత్రే వచ్చి ఆమె గదిలో పడుకుంటాడు. తెల్లారాక కథ చెబుతాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని వింటారు. మిగతా ఏడాదంతా అతణ్ణి పలకరించే దిక్కు లేదు.

ఈ పొద్దున కూడా ఆనవాయితీ ప్రకారం మేనేజరు మిసెస్ రెన్నీ దయ్యం పేర గ్లాసుడు విస్కీ పోసి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. దాన్నెవరూ ముట్టరు.

లాక్లన్ గొంతు సవరించుకున్నాడు. "రాత్రి మళ్ళీ వచ్చింది. 'నువ్వు లేక బతకలేను లాక్లన్' అంటూ ఒకటే ఏడుపు."

పక్క బల్ల దగ్గరున్న ముసలావిడ ఫక్కున నవ్వింది. నేరుగా వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూలబడి, గ్లాసెత్తి గటగటా తాగేసింది.

గది గదంతా నిర్ఘాంతపోయింది.

"సిగ్గు లేదూ?" లాక్లన్ కోపంతో ఊగిపోయాడు. "ఆ గ్లాసు నా కోసం ప్రాణం తీసుకున్న పిల్లది! నీలాంటి మొద్దు మొహానికి ఏం అర్థమవుతుందిలే!"

"నీ కోసమా?" ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మిసెస్ రెన్నీ పరుగున వచ్చింది.

"అమ్మా, ఆయన మాకు కావలసిన మనిషి. క్షమాపణ చెప్పండి, లేదంటే బయటికి నడవండి."

లాక్లన్ ఛాతీ విరుచుకున్నాడు.

ముసలావిడ మూతి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, అతని మొహంలోకి పరీక్షగా చూసింది.

"చూడు నాయనా, పైవాళ్ళ సణుగుడు పడలేక ఏప్రన్ నదిలోకి విసిరికొట్టి, పాలబండెక్కి డండీ ఊరు పోయి, మాంసం కొట్టాయన్ని కట్టుకుని హాయిగా బతికిన ఎల్స్‌పెత్‌ని నేనే, ఇంతకీ నువ్వెవరివి?"