గువ్వలు అడవిని విన్న వేళ

గువ్వల గూళ్లున్న మద్దిచెట్టుకు కాపలా అవసరమైంది. తోక చీలిన నల్లని కుర్ర పిట్ట, ఏట్రింత, ఆ కొలువు కోరి వచ్చింది. కాకిని తరిమే తెగువ, గద్దను దూరాన్నే పసిగట్టే చూపు దానికున్నాయి.

"నీ సామర్థ్యం చూశాం, నాయనా. ఇక కాసేపు కూర్చో" అంది ముసలి గువ్వ. ఎవరినైనా కాపలాకు నియమించే ముందు, వారి గురించి అడవి ఏమంటుందో మౌనంగా వినడం గువ్వల ఆచారం.

ఏట్రింతకు కాలు నిలవలేదు. కొమ్మ మార్చింది, మళ్లీ మార్చింది. పోయిన వానాకాలంలో తోటి పిట్టలను నవ్వించడానికి అది గువ్వల మీద ఒక పాట కట్టి గోరింకలకు నేర్పింది. నిన్ననే వెళ్లి ఆ పాట మరచిపొమ్మని వాటిని బతిమాలింది. "మేము మరచినా మా పిల్లలు మరవరు, బావా" అని అవి నవ్వాయి.

అంతలో వాగు అవతల ఒక గోరింకపిల్ల అచ్చం ఏట్రింత గొంతుతోనే ఎత్తుకుంది: "గువ్వమ్మ గూడు నాలుగు పుల్లలు, గాలొస్తే గుడ్లు నేలపాలు, చూసి నవ్వుదాం రండి."

పొదుగుతున్న తల్లులు గుడ్లను రెక్కల కిందికి మరింత లాక్కున్నాయి.

"అది వేళాకోళమండీ" అంది ఏట్రింత. "ఈ కొలువు అడుగుతానని అప్పుడు అనుకోలేదు."

"నేను నమ్ముతాను" అంది ముసలి గువ్వ. "కాని గాలి వీచినప్పుడల్లా ఈ తల్లులు గద్ద వైపు చూడాలా, నవ్వుతున్నావేమోనని నీ వైపు చూడాలా?"

ఏట్రింత కొమ్మ మీంచి ఎగిరింది. ఆ గోరింకపిల్లను వెతుకుతూ వాగు దాటింది. అక్కడికి చేరేసరికి పాట అప్పటికే ఆ అవతలి తోపులో వినిపిస్తోంది.