పేరు చెప్పని మనిషి

"అబ్బాయి ఇంట్లో లేడా అమ్మా?"

తిండిబండి దగ్గర డా న్యున్ చేతిలో గరిటె ఆగిపోయింది. మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తినడానికొచ్చినవాడు పులుసు సంగతి అడగాలి గానీ, కొడుకు సంగతి వీడికెందుకు?

"ఏ అబ్బాయి?"

"వై ఫ్యో. మీ అబ్బాయే కదా?"

సైన్యానికి కుర్రాళ్లను చీటీలు తీసి పంపుతున్నారు. వై ఫ్యో పేరు వచ్చింది. బియ్యం మిల్లు వాళ్ల అబ్బాయి చీటీ మాత్రం ఆ డబ్బాలోనే పడదు, అదేం చోద్యమో! వై ఫ్యో ఏటి అవతల పిన్నింట్లో దాక్కున్నాడు.

"నీ పేరేంటి నాయనా?"

"ఈ రోజుల్లో పేర్లెందుకులెండి. అబ్బాయితోనే మాట్లాడాలి."

అయితే వీడు బ్రోకరు! పారిపోయిన కుర్రాళ్లను పట్టుకుని, ఉన్నవాళ్ల కొడుకులకు బదులుగా అమ్మేసే రకం.

మర్నాడూ వచ్చాడు. తింటున్నంతసేపూ బండి వెనకున్న ఆమె ఇంటివైపే చూపు.

"రాత్రి ఎక్కడ పడుకున్నావు?"

"ఎక్కడో ఒకచోట."

ఊళ్లో కొత్త మనిషి పడుకుంటే వార్డు ఆఫీసులో చెప్పి తీరాలి. వీడు చెప్పలేదన్నమాట! డా న్యున్ బండి వదిలేసి ఆఫీసుకు పరుగెత్తింది.

"వయసెంత ఉంటుంది?" అన్నాడు వార్డు పెద్ద.

"ముప్పై దాటవు."

"వాణ్ణి పట్టించు. నీ కొడుకు పేరు కొట్టేస్తాం. మాకు కావాల్సింది ఒక తలకాయ."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. మరుక్షణమే సర్దుకుంది. ఎంతమంది తల్లుల ఉసురు పోసుకున్నాడో వెధవ, పోనీ!

మూడో రోజు అతను లేవబోతుంటే, సైనికుల లారీ వచ్చేదాకా ఆపాలని ఇంకో సొరకాయ బజ్జీ వేసింది.

"మా అమ్మా ఇలాగే కొసరి పెట్టేది," అని నవ్వాడు.

లారీ వచ్చింది. రెక్కలు విరిచి ఎక్కించారు. ఆమెకేసి చూశాడంతే.

సాయంత్రానికి వై ఫ్యో ఇంటికొచ్చాడు. డా న్యున్ వాణ్ణి కావలించుకుని భోరుమంది.

"అమ్మా, బండి దగ్గరికెవరైనా వచ్చారా?"

"ఎవరో బ్రోకరు. వాడి పీడ వదిలిందిలే, తిను."

వై ఫ్యో ముఖం పాలిపోయింది. కంచం ముట్టుకోలేదు. లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి బండి దగ్గర ఏటి అవతలి ఆడవాళ్లు బారుగా నిలబడ్డారు. చేతుల్లో గిన్నెల్లేవు, బట్టల మూటలున్నాయి.

"నీ నోరాగదని ఇన్నాళ్లూ నీకు చెప్పలేదక్కా," అంది ముందున్నామె. "మన పిల్లల్ని పైసా పుచ్చుకోకుండా సరిహద్దు దాటించే ఆయన ఇక్కడే ఉంటానన్నాడు, ఇంకా రాలేదా?"