కోపిష్టి ఖాతాదారు

"నా బిడ్డను చలికి చంపుతున్నది మీరే. ఈ గాజు వెనక వెచ్చగా కూర్చున్న మీరే."

కౌంటర్ అవతలి మనిషి పైజమా మీదే ఓవర్‌కోటు తొడుక్కొచ్చాడు. లుమినిత్సకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. చలికాలంలో గదులు వెచ్చగా ఉండేలా ఊళ్ళో ఇళ్ళన్నిటికీ గొట్టాల్లో వేడినీళ్ళు పంపే కంపెనీ అది. పాఠాలు చెబుతుంటే ఉద్యోగులు కునుకు తీస్తున్నారని పైవాళ్ళు ఈసారి శిక్షణను ఆటగా మార్చారు. ఈ రోజు వచ్చే ఖాతాదారుల్లో ఒకడు నటుడు. ఎవడో చెప్పరు. వాడి దగ్గర తడబడితే ఆమె ఉద్యోగం పర్మనెంటు కాదు. జనం వణుకుతుంటే వీళ్ళకు ఆటలు.

"మీ బాధ నాకు అర్థమైందండీ," అంది. నేర్పిన మాటే.

"ఏం అర్థమైంది తల్లీ? మా బిల్డింగులో గొట్టాలు చల్లబడి వారమైంది. పిల్లాడికి ఇంకా నెల నిండలేదు. గదిలో ఊపిరి పొగలా కనిపిస్తోంది."

"మీ సహనానికి ధన్యవాదాలు."

"నాకు సహనముందని నీకెవరు చెప్పారు? లంచంగా కాఫీ పొట్లం తేలేదనా ఈ నిర్లక్ష్యం?"

పక్క కౌంటర్‌లో కూర్చునే దోయినా ఆమె చెవిలో గొణిగింది. "భలే చేస్తున్నాడే. కళ్ళల్లో నీళ్ళు కూడా తెప్పించాడు. నువ్వు బోల్తా పడకు."

స్తంభం పక్కన శిక్షకుడు కోస్టిన్ ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వుకు అర్థమేమిటో లుమినిత్సకు తెలియలేదు. చెయ్యి ఫోను మీదకు పోయి అక్కడే ఆగింది. నిజమైతే మరమ్మతు వాళ్ళను ఇప్పుడే పంపాలి. నటనైతే వాళ్ళను ఊరికే పరిగెత్తించినందుకు తిట్లు తినాలి. ఆ మనిషి వేళ్ళు నీలంగా ఉన్నాయి. రంగు పూసుకొచ్చాడా?

ఇక ఉండబట్టలేక అడిగేసింది. "ఏమనుకోకండి. మీరు నటులా?"

అతను ఆమెను తేరిపార చూశాడు. "అవునమ్మా, నటుణ్ణే."

హాలంతా చప్పట్లు. కోస్టిన్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "బ్రహ్మాండం సార్. ఏడుపైతే అచ్చం నిజంలాగే ఉంది."

లుమినిత్స ఊపిరి పీల్చుకుని ఫోను మీంచి చెయ్యి తీసేసింది.

"ఆ ఫోను వదలకు తల్లీ," అన్నాడతను. "వీళ్ళు నాకు రాసిచ్చింది బిల్లు గొడవ. అది నేనింకా మొదలుపెట్టనేలేదు. ముందు మా ఇంటికి వేడి వదలమని చెప్పు, తర్వాత నటిస్తాను."