అడిగి అల్లిన గూడు

వాగు ఒడ్డున తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఒంటరిగా ఉండేవాడు. తోటి గిజిగాళ్లంతా జంటలు కట్టి అవతలి గట్టుకు వెళ్లిపోయారు. అతనికి తెలిసింది గూడు అల్లడం ఒక్కటే. "గింజలిస్తే ఎవరికైనా గూడు అల్లిపెడతాను" అని వచ్చేపోయే పక్షులకు చెప్పి, కొమ్మకొమ్మకూ వేలాడే గూళ్లు కట్టి ఎదురుచూశాడు. అవి గాలికి ఊగేవే గానీ, ఒక్కరూ వచ్చేవారు కాదు.

ఒకరోజు ఒక గువ్వ వచ్చింది. కిందటిసారి దాని గుడ్లు పుల్లల గూట్లోంచి జారి పగిలిపోయాయి. మళ్లీ గుడ్లు పెట్టే వేళయింది. గిజిగాడి గూట్లో దూరబోయి, సన్నటి గొట్టంలాంటి ద్వారంలో ఇరుక్కుని, ఎలాగో బయటపడింది.

"అల్లిక బాగుంది తమ్ముడూ. కానీ ఇది నీకు సరిపోయే గూడు," అంది.

గిజిగాడికి మనసు చివుక్కుమంది. అయినా, "మరి మీకెలా కావాలక్కా?" అని అడిగాడు. అంతవరకూ ఆ మాట అతను ఎవరినీ అడగలేదు.

"పళ్లెంలా వెడల్పుగా ఉండాలి. గుడ్లు దొర్లిపోకుండా చుట్టూ అంచు కావాలి."

సాయంత్రానికి గూడు సిద్ధమైంది. గువ్వ అందులో ఒదిగి కూర్చుని, తెచ్చిన జొన్నలిచ్చి, రేపు చెల్లెలిని కూడా పంపుతానంది. పని అయిపోయినా గిజిగాడు ఎగిరిపోలేదు. బాగానే ఉన్న అంచును మళ్లీ మళ్లీ సర్దుతూ ఉండిపోయాడు.

"అంచు బాగానే ఉంది తమ్ముడూ," అంది గువ్వ మెల్లగా. "ఊరికే కూర్చో."