రెండు నిమిషాల షెడ్యూలు

"ఇదేమంటోందండీ?" ప్రొడక్షన్ మేనేజరు అచ్యుతరామయ్య కంప్యూటర్ తెర మీదికి వంగి అడిగాడు.

"షెడ్యూలు వేసే మ్యాక్రోలో ఎర్రరండీ. పాత వెర్షన్లో రాసిన ఆదేశాలు ఈ కొత్త వెర్షన్‌కి అర్థం కావడం లేదు," అన్నాడు త్రినాథరావు. అమీర్‌పేట నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్కు అతను. పొద్దున తొమ్మిది నుంచీ దాంతో కుస్తీ పడుతున్నాడు.

పాత కంప్యూటర్ నిన్న కాలిపోతే, నిర్మాత సాయంత్రానికల్లా కొత్తది కొని, కొబ్బరికాయ కొట్టించి, కుంకుమ బొట్టు పెట్టించి ఫిల్మ్‌నగర్ ఆఫీసులో దించాడు. బొట్టయితే పెట్టించుకుంది గానీ పని మాత్రం చెయ్యనంటోంది.

రేపటి నుంచి జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగు. హీరోయిన్ ఇచ్చింది నాలుగే రోజులు. మధ్యాహ్నం రెండింటికల్లా షెడ్యూలు చేతికి రాకపోతే ఆ నాలుగూ వేరే సినిమాకి ఇచ్చేస్తానని ఫోన్లో చెప్పేసింది. అప్పుడే ఒంటిగంట అయింది.

"రేపు ఎంతమందిని తేవాలె సార్?" జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు లక్ష్మయ్య గుమ్మంలోంచి అడిగాడు. "కృష్ణానగర్‌ల అందరు నా కోసమే చూస్తున్నరు."

"కంప్యూటర్ చెప్పాలి లక్ష్మయ్యా."

"గా కంప్యూటర్ చెప్పకపోతే మీరే జర చెప్పున్రి."

"నేనా? నేను షెడ్యూలు వేసినన్నాళ్లూ ప్రతివాడూ అలిగేవాడు. నా సీను ముందెందుకు, అతని సీను వెనకెందుకు అని. మూడేళ్ల నుంచి కంప్యూటరే వేస్తోంది. హీరోగారు కూడా నోరెత్తలేదు."

అచ్యుతరామయ్య పాత షెడ్యూలు కాగితం తీసి త్రినాథరావు ముందు పరిచాడు.

"చూడండి. తాత వేషం వేసే పెద్దాయన మోకాళ్లు సాయంత్రానికి వాచిపోతాయని మెట్ల సీన్లన్నీ పొద్దున్నే పెట్టింది. ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు హీరోయిన్లని ఒక్కరోజు కూడా మేకప్ గదిలో కలవనివ్వలేదు. దానికెలా తెలిసిందంటారు? మేం సీన్లూ డేట్లూ తప్ప ఏమీ ఎక్కించలేదే."

త్రినాథరావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఎనిమిదేళ్లుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నాడు. ఇలాంటిది కనలేదు, వినలేదు.

"ఎవరు రాశారండీ ఈ మ్యాక్రో?"

"రాయడానికేముంది, మా టైపిస్టు శేషారత్నం ఏదో కోర్సు పుస్తకంలో చూసి ఎక్కించింది."

పక్కనే నిలబడ్డ శేషారత్నం పాత షెడ్యూలు కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టింది.

ఒక్క అక్షరం తప్పినా అంత తెలివీ ఎగిరిపోతుందేమోనని త్రినాథరావుకి భయం. ఒక్కొక్క ఆదేశాన్నీ, అర్థం జోలికి పోకుండా, అక్షరం అక్షరంగా కొత్త వెర్షన్‌లోకి మార్చాడు. ఒకటిన్నరకి ఎర్రరు పోయింది. అచ్యుతరామయ్య చెప్పులు విడిచి తెరకి దణ్ణం పెట్టాడు. త్రినాథరావు బటన్ నొక్కాడు.

తెర మీద గడియారం బొమ్మ తిరిగింది. సరిగ్గా రెండు నిమిషాలు. పేజీ తెరుచుకుంది.

గళ్లన్నీ ఖాళీ.

"హీరోయిన్‌గారి కాళ్లు పట్టుకునైనా ఇంకో గంట అడుగుతాను," అంటూ అచ్యుతరామయ్య ఫోనున్న గదిలోకి పరుగెత్తాడు. లక్ష్మయ్య ఆయన వెనకే వెళ్లాడు.

తనెక్కడో ఆ అద్భుతాన్ని చెరిపేశాననుకున్నాడు త్రినాథరావు. పొద్దున మ్యాక్రో ఎక్కించుకున్న పాత ఫ్లాపీ మళ్లీ పెట్టి అసలు ఆదేశాల్ని మొదటి నుంచీ చదివాడు. మొత్తం తొమ్మిది లైన్లు. గడియారం చూపించు. రెండు నిమిషాలు ఆగు. దాచిన పేజీ తెరువు. అచ్చు వెయ్యి. ఎన్నిసార్లు చదివినా అంతకు మించి కనపడలేదు.

"అమ్మా, సీన్లు పేర్చే లెక్క ఏ లైన్లో ఉందండీ?"

శేషారత్నం గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"లైన్లలో లేదండీ. పొద్దుటి నుంచీ కుర్చీలో మీరే ఉన్నారు, ఆ దాచిన పేజీలో నేనింకా ఏమీ వెయ్యలేదు. కాస్త లేస్తారా?"