ఆయిల్లో ఇసుక

హెడ్ మెకానిక్ ఎక్స్‌కవేటర్ ఇంజన్‌లోంచి డిప్‌స్టిక్ బయటికి లాగి, కొసకంటిన ఆయిల్‌ని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. తెల్లబడలేదు, అంటే నీళ్లు కలవలేదు. డీజిల్ వాసనా లేదు. కానీ వేళ్లకి గరగర తగిలింది.

ఆ ఎక్స్‌కవేటర్ నడిపేది ఆయన కొడుకే. క్వారీలో రాయి తవ్వుతుంటే ఆయిల్ ప్రెజర్ పడిపోయి ఎర్రలైటు వెలిగిందనీ, ఇంజన్ కొట్టుకోవడంతో వెంటనే ఆపేశాననీ చెప్పి పక్కన నిలబడ్డాడు.

తండ్రి ఆయిల్ ఫిల్టర్ విప్పి, కోసి చూశాడు. మడతల నిండా ఇసుక. గాలితో లోపలికి పోయిందనుకోవడానికి ఎయిర్ ఫిల్టర్ ఎక్కడా చిరగలేదు. పైగా అది క్వారీలో లేచే రాతిపొడి కాదు, ఇల్లు కట్టే ఇసుక.

"ఎవడో మూత తీసి పోశాడు," అన్నాడు.

ఆ ఎవడో ఎవడన్నది తేల్చుకోవడానికి ఆయనకి ఎంతోసేపు పట్టలేదు. ఈ బండి తనకిమ్మని టిప్పర్ డ్రైవర్ ఎప్పట్నుంచో మేనేజర్ చుట్టూ తిరుగుతున్నాడు. గోడ కట్టుకోవడానికి వాడింటి ముందు ఇసుక కుప్ప కూడా పోసుంది.

"ఆయన అలాంటి పని చెయ్యడు నాన్నా," అని కొడుకు నసిగాడు.

"మనుషుల సంగతి నీకేం తెలుసు? నువ్వూరుకో."

మెకానిక్ మాటంటే మేనేజర్‌కి గురి. తనకు ఏ పాపమూ తెలియదని టిప్పర్ డ్రైవర్ పిల్లల మీద ఒట్టేసినా, సాయంత్రానికల్లా పనిలోంచి తీసేశారు. ఆ పూట కొడుకు అన్నం ముట్టలేదు.

ఇంజన్ విప్పుతున్నంతసేపూ కొడుకు మళ్లీ పాత పాటే ఎత్తుకున్నాడు. తను తవ్వేచోట పైన గట్టు నెర్రెలిచ్చిందనీ, మేనేజర్‌తో చెప్పి వేరేచోటికి మార్పించమనీ. తండ్రి విసుక్కున్నాడు. మెకానిక్ కొడుకు పిరికివాడని పేరొస్తే క్వారీలో తలెత్తుకు తిరగలేనన్నాడు.

లోపలి దారులన్నీ కడిగి, పంపు మార్చి, కొత్త బేరింగులు వేసి, కొత్త ఆయిల్ నింపాడు. తాళం తిప్పగానే ఇంజన్ నున్నగా అందుకుంది. మేనేజర్ అందరి ముందూ భుజం తట్టాడు. తండ్రి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు.

"ఇంక దీని జోలికి ఎవడూ రాడు. వెళ్లు."

కొడుకు గట్టు వైపు ఒకసారి చూసి, బండెక్కాడు.

మధ్యాహ్నం కాకముందే గట్టు విరిగిపడింది. రాళ్ల కిందనుంచి బయటికి తీసేసరికి అతనిలో ప్రాణం లేదు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మెకానిక్ గోడకి చేరగిలబడి టిప్పర్ డ్రైవర్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. వాడి ఏడుపే తగిలిందన్నాడు. ఆ వెధవని ఊరికే వదిలేశాననీ, పోలీసులకి పట్టించాల్సిందనీ అన్నాడు. కోడలు వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆయన్నేమీ అనకండి మావయ్యా," అంది.

"ఆ ఇసుక పోసుకున్నది మీ అబ్బాయే."