మెడలో కార్డు లేని పెద్దావిడ

బయటికి పంపిన పెద్దావిడ మళ్ళీ హాల్లోకి వచ్చేసింది.

గుమస్తాకి ఒళ్ళు మండిపోయింది.

కొండల్లో విమానం కూలిన దగ్గర్నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. పోయినవాళ్ళ బంధువులను విమానాశ్రయంలోని ఈ హాల్లో కూర్చోబెట్టి, మెడలో కార్డు వేసి, ఒక్కొక్కరినీ రక్తపరీక్షకు పంపడం అతని పని. బంధువుల రక్తంతో పోల్చి చూస్తేగాని ఏ దేహం ఎవరిదో తేలదు. కార్డు లేనివాళ్ళను రానిస్తే తన ఉద్యోగానికే ఎసరు.

ఈవిడ మెడలో కార్డు లేదు. ఎవరి తాలూకని అడిగితే పెదవి విప్పదు. అందరికీ మంచినీళ్ళు అందిస్తుంది. ఏడ్చేవాళ్ళ పక్కన చేరి, పోయినవాళ్ళ ముచ్చట్లు అడిగి మరీ చెప్పించుకుంటుంది.

"ఇదేమన్నా తమాషా అనుకున్నారా పెద్దమ్మా?"

"వీళ్ళందరి పనీ అయ్యాక వెళ్తాను బాబూ."

"మీకెవరైనా పోయుంటే తెలిసేది."

ఆవిడ నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్క వరసలోకి వెళ్ళింది.

అంతలో, కూతుర్ని పోగొట్టుకున్న టైలరు ఒకతను పైలట్‌ను తిట్టడం మొదలెట్టాడు. అంత కొండ కళ్ళకు ఆననివాడికి విమానమెందుకన్నాడు. చచ్చి బతికిపోయాడన్నాడు. హాలంతా అటే తిరిగింది. అతన్ని ఎలాగోలా ఊరుకోబెట్టాలని గుమస్తా కూడా ఓ మాట కలిపాడు.

"నిజమేనండీ. ఆ చేతగానివాడు ఇంతమంది ఉసురు పోసుకున్నాడు."

పెద్దావిడ వెళ్ళి టైలరు వీపు నిమిరింది.

"తిట్టు నాయనా. కడుపులో దాచుకోకు."

అతను ఆవిడ భుజం మీద తలవాల్చి వలవలా ఏడ్చేశాడు.

గుమస్తా ఓపిక అక్కడితో సరి. ముక్కూ మొహం తెలియని మనిషికి ఈ పెత్తనం ఏమిటని, మోచెయ్యి పట్టుకుని గేటు దాటించాడు. మళ్ళీ రానిచ్చావో చూడు అని కాపలావాడికి గట్టిగా చెప్పాడు. ఒక తలనొప్పి వదిలిందనుకున్నాడు.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. రక్తాలు తీసిన డాక్టరమ్మ వచ్చి నాలుగు పక్కలా చూసింది.

"నీళ్ళిస్తూ తిరిగిన పెద్దావిడ ఏదయ్యా? అందరిదీ అయ్యాక తన రక్తం తీసుకోమని పొద్దున్నే చెప్పింది."

"ఆవిడదా? ఎవరో ఊసుపోక వచ్చిన మనిషండీ. పంపించేశాను."

డాక్టరమ్మ చేతిలోని జాబితా అతని ముందు పెట్టింది.

"ఇప్పుడు ఆ పైలట్‌ను ఎవరికి అప్పజెప్పమంటావు? అతనికున్నది ఆ తల్లి ఒక్కతే."